సీలన్ అంకుల్

భిలాయ్ సెక్టర్ 7లో వానాకాలం వచ్చిందని చెప్పడానికి మబ్బులు అక్కర్లేదు. జూన్ నెల సగంలో మా వీధి చివరి క్వార్టర్ నుంచి ఒక పెద్దాయన లుంగీ మీద చొక్కా తొడుక్కుని, చేతిలో వెలిగించిన అగరుబత్తితో బయల్దేరితే చాలు. ఆ అగరుబత్తి దేవుడికి కాదు. మన బీరువాలో గాలి ఆడుతోందో లేదో పొగ చూసి తేల్చడానికి.

పిల్లలు ఆయనకి సీలన్ అంకుల్ అని పేరు పెట్టారు. హిందీలో సీలన్ అంటే చెమ్మ. మా ఊళ్లో ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కూరగాయల బండి దగ్గర ఛత్తీస్‌గఢీ. అందుకని పేరు చక్కగా అతికింది. నాకు మాత్రం ఆయన బాబాయిగారు. ఉద్యోగం నుంచి రిటైరయ్యి, డ్యూటీ మాత్రం దిగని మనుషులు ప్రతి స్టీలు టౌన్‌షిప్‌లోనూ ఉంటారు. ఒకరు వీధి దీపాలు లెక్కపెడతారు, ఒకరు పార్కులో పిల్లలకి క్రమశిక్షణ నేర్పుతారు. మా వాటాకి చెమ్మ వచ్చింది.

1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ గారు భిలాయ్ ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించిన రోజుల్లో, సిక్కోలు సముద్రం ఒడ్డు పల్లె నుంచి ట్రంకుపెట్టెతో రైలెక్కి వచ్చారు బాబాయిగారి నాన్నగారు. బాబాయిగారు అక్కడే, ఉక్కు కరిగించే స్టీల్ మెల్టింగ్ షాపులో పని చేసి రిటైరయ్యారు. చెమ్మ మీద పగ అక్కడే పుట్టింది. "తడి తుక్కు కరిగిన ఉక్కులో పడిందనుకో, ఆవిరై పేలిపోద్ది. పేలకపోయినా వదల్దు బాబూ. నీళ్లలోంచి హైడ్రోజన్ ఉక్కులో దూరిందంటే, రైలుపట్టా లోపల వెంట్రుకంత చీలిక. పైకి కనబడదు!" ఇంత చెప్పి, మా దివాన్ మంచం వైపు అనుమానంగా చూస్తారు. అందులోనూ హైడ్రోజన్ ఉందన్నట్టు.

ఇంటికొస్తే "బాగున్నారా" అనరు. గుమ్మంలో ఆగి రెండుసార్లు ముక్కు ఎగబీలుస్తారు. జేబులోంచి గడియారంలాంటి చిన్న డయల్ తీస్తారు. అది గాల్లో తేమ ఎంతుందో చూపిస్తుంది. "60 లోపు ఉంటే ఇల్లు మనది. 70 దాటిందా, బూజుది." కిటికీలో కూలర్ తిరుగుతుంటే అగ్గి మీద గుగ్గిలమే. "మేలో 45 డిగ్రీల ఎండకి కూలర్ అమృతం. వానలు పడ్డాక కూడా పంపు నడిపితే ఇంట్లో చెరువు తవ్వుకున్నట్టే. పంపు ఆపండి, ఫ్యాన్ తిరగనీండి."

పోయినేడాది మా దివాన్ వంతు వచ్చింది. పరుపు లేపి, చెక్కమూత ఎత్తారు. పాత అరుగు కింద తడిసిన గోనెసంచి వాసన గుప్పున కొట్టింది. అమ్మ పెళ్లినాటి సూట్‌కేసు మీద తెల్లటి చుక్కలు, నా పదో తరగతి నోట్సు మీద ఆకుపచ్చ నూగు.

"ఈ బొంత ఎప్పుడు పెట్టారు వదినా?"

"కిందటి వానాకాలం. ఉతికే పెట్టాను."

"ఆరాక పెట్టారా, ఆరిందనుకుని పెట్టారా?"

అమ్మ జవాబు చెప్పలేదు. బాబాయిగారే అందుకున్నారు. "ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే నా చెయ్యి విరిచేస్తారు మీరు. ముక్క తుడిచి, ఆరబెట్టి, నూనె పైకి తేలేదాకా కాపలా కాస్తారు. మంచంలో తడి బొంతకి ఆ మర్యాద లేదేటి?"

నేను గొప్పగా నాఫ్తలీన్ ఉండలు చూపించాను. "ఇవి పురుగుకి. బూజుకి కాదు. దొంగ పడ్డాడంటే పోస్ట్‌మ్యాన్‌ని పిలిచినట్టుంది నీ యవ్వారం." చీపురు తెచ్చి దులపబోతే చెయ్యి పట్టుకున్నారు. "అటక మీది బూజు దులపాలి. ఈ బూజు దులపకూడదు. దులిపితే విత్తనాలు చల్లినట్టే. మూతికి గుడ్డ కట్టుకుని, సబ్బునీళ్లలో పిండిన గుడ్డతో తుడువు, ఆ తర్వాత ఎండ చూపించు." తెలుగులో రెంటికీ ఒకే పేరు పెట్టిన పెద్దలెవరో గానీ, మా ఇంటి సామాను మీద వాళ్లకి జాలి లేదు.

బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వీధంతా ఆయనకే ఇస్తాం. నీలం గింజలు తేమ తాగి గులాబీ రంగుకి తిరిగితే, పాత మూకుట్లో వేసి సన్న సెగ మీద మళ్లీ నీలమయ్యేదాకా వేపుతారు. ఒకసారి పక్కింటావిడ రంగు సగ్గుబియ్యమనుకుని గుప్పెడు అడిగింది. అవి విషమని పిన్నిగారు ఆ మూకుడు వంటింటి గడప దాటనివ్వరు.

ఆయన కొడుకు అమెరికాలో మిషిగన్‌లో ఒక సరస్సు పక్కన ఉంటాడు. చిన్న పడవ కొని వీడియో కాల్ చేశాడు. ఖరీదెంత, ఎంతమంది పడతారు అని మేమంతా అడుగుతుంటే, బాబాయిగారు ఫోను లాక్కుని, "సీట్ల కింద పెట్టెలున్నాయా? మూత ఎత్తి చూపించు" అన్నారు. చూపించాడు. లైఫ్‌జాకెట్ల మీద నల్లటి మచ్చలు.

"తడివి తడిగానే కుక్కి మూతేశావ్. పైన టార్పాలిన్ ఊపిరాడకుండా బిగించావ్. సరస్సు నీళ్ల చల్లదనానికి పడవ అడుగూ చల్లబడుద్ది. లోపలి వెచ్చటి గాలి దానికి తగిలి, చల్లటి చెంబుకి చెమట పట్టినట్టు పట్టుద్ది. మూతలు కొంచెం తెరిచి ఉంచు. పెట్టెకి ఒక కన్నం చాలదు, గాలికి వచ్చే దారీ పోయే దారీ రెండూ ఉండాలి. దిళ్లు పడుకోబెట్టకు, నిలబెట్టు. అడుగున నిలిచిన నీళ్లు ముందు తోడు."

"నాన్నా, నీకు పడవల గురించి ఎలా తెలుసు?"

"పడవేటి, దివానేటి? అది తేలుద్ది, ఇది తేలదు. అంతే తేడా."

లోపాల్లేవని కాదు. మా చెల్లి పెళ్లి సంబంధం చూడ్డానికి తోడు తీసుకెళితే, కాఫీ తాగుతూ గోడ మీద వేలితో కొట్టి చూసి, "కుర్రాడు బంగారం. గోడ మాత్రం చెమ్మ" అని తీర్పు చెప్పారు. పిన్నిగారి బాధ వేరు. "మా ఇంట్లో బూజు లేదమ్మా. మూసిన తలుపు ఒక్కటీ లేదు. బీరువాలో చీరలకన్నా బల్లులెక్కువ." జూన్‌లో ఆయన్ని చూసి తలుపులేసుకునే వీధి, శ్రావణ శుక్రవారం నాడు మడత విప్పిన పట్టుచీర మీద మచ్చ కనబడగానే అగరుబత్తి కోసం కబురు పెడుతుంది.

ఆ రోజు మా దివాన్ సామానంతా ఎండలో పరిచాక, నోట్సు పుస్తకం రెండు వేళ్లతో పట్టుకుని ఆయన అన్న మాట ఒకటుంది. "బూజు రోజూ వాడే వస్తువు జోలికి రాదు బాబూ. పారెయ్యలేక, వాడుకోలేక మూతేసిన దాన్నే వెతుక్కుంటది." నోట్సు పాతసామాన్ల బండికి వెళ్లింది. సూట్‌కేసు అమ్మ ఇవ్వలేదు. తుడిచి, మూత సగం తెరిచి, గోడకి జానెడు ఎడంగా పెట్టుకుంది.

మీ మంచం కింద పెట్టె తెరిచి ఎన్నాళ్లయింది? ఎండ కాసిన రోజు చూసి తెరవండి. మా వీధిలో అయితే ఈ ఆదివారం 10 గంటలకి ఆయనే వస్తారు.