చేజారు గ్లాసు వాక్యమునకు టీకా తాత్పర్యము

మూలము: "చేజారి పగిలిన గ్లాసులకు కస్టమరే బాధ్యులు. – యాజమాన్యం"

అవతారిక: ఒకానొక టిఫిన్ హోటల్లో, గల్లాపెట్టె వెనక గోడ మీద, వినాయకుడి పటానికి కింద, అప్పు అడగరాదను సూక్తికి పైన ఈ వాక్యం వెలసియున్నది. కాళిదాసుకు వ్యాఖ్యాతగా మల్లినాథసూరి దొరికాడు. ఈ వాక్యకర్తకు, పగిలిన గ్లాసు ఖరీదును టీ బిల్లుతో కలిపి కట్టిన నేను దొరికాను.

టీక: గ్లాసు, పగులుట: స్పష్టము. 'కస్టమరే' అను ఏకవచనమునకు 'బాధ్యులు' అను బహువచనము చెల్లునా అనరాదు. సొమ్ము వసూలువేళ మర్యాద అధికమగుట లోకప్రసిద్ధము. 'చేజారి' అన్నచోట మాత్రం ఆగాలి. ఇక్కడ ముద్దాయి చెయ్యి.

1984లో స్వీడన్‌లోని ఉమెయో విశ్వవిద్యాలయంలో యోహాన్సన్, వెస్ట్‌లింగ్ అనే ఇద్దరు ఈ చేతినే విచారించారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిన్న వస్తువునిచ్చి ఎత్తమన్నారు. దాని పక్కలకు ఒకమారు గరుకు కాగితం, ఒకమారు మెత్తని తోలు, ఒకమారు పట్టుగుడ్డ. నునుపు హెచ్చినకొద్దీ పట్టు బిగిసింది. ఎత్తే బలంతోపాటే నొక్కే బలమూ పెరిగింది. జారకుండా ఎంత కావాలో అంత, పైన కాస్త కొసరు. అయినా జారబోతే వేలికొసల స్పర్శనాడులు కబురంపుతాయి, సెకనులో పదోవంతు గడవకముందే పట్టు బిగుస్తుంది. మనం 'అయ్యో' అనడం ఆ తర్వాతి ముచ్చట.

పూర్వపక్షము: చెయ్యి బరువును తప్పుగా అంచనా వేసియుండవచ్చు గదా?

వేయవచ్చు, మొదటిసారి. ఇందుకొక ముచ్చటైన దృష్టాంతమున్నది. ఒకే బరువుగల రెండు పెట్టెలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఎత్తినవారందరూ చిన్నదే బరువంటారు. మొదట వేళ్లూ మోసపోతాయి, పెద్దదాన్ని అనవసర బలంతో లేపుతాయి. కొన్నిసార్లు ఎత్తేసరికి వేళ్లు నిజం గ్రహించి రెంటికీ సమాన బలమే వాడతాయి. బుద్ధి మాత్రం చిన్నదే బరువని వాదిస్తూనే ఉంటుంది! ఫ్లానగన్, బెల్ట్‌జ్నర్ అనే పరిశోధకులు 2000లో దీన్ని నిరూపించారు. వేళ్లు ఒప్పుకున్నాక కూడా తల ఒప్పుకోకపోవడం పండిత లక్షణం. శాస్త్రచర్చల్లో ఓడినవారు చేతులు జోడించి, మనసులో మాత్రం గెలిచినట్టే ఇంటికి పోవడానికి మూలమిదే కాబోలు. నేనెరిగిన అవధాన సభలన్నీ ఈ సందర్భంలో స్మరణీయములు. గ్రంథవిస్తరభీతిచే విడుస్తున్నాను.

ఏం చెబుతున్నాను? గ్లాసు.

సిద్ధాంతము: ఎంత నొక్కాలో చెయ్యి ముందటి అనుభవాన్ని బట్టి లెక్కవేసుకుంటుంది. పొడి గ్లాసు లెక్కతో వెళ్లిన వేళ్లకు సబ్బునురగ వదలని తడి గ్లాసు అందింది. అదీ అంచుదాకా పొంగే టీతో. పట్టుకోవడానికి చోటు లేక అంచు పట్టాలి. జారుతోంది, బిగించు అని ఒక ఆజ్ఞ. కాలుతోంది, వదులు అని ఇంకొకటి. ఒకే వేలికి రెండూ! బిగించడానికి మెదడు తన వాటా పని చేసింది. తుడిచే గుడ్డ ఎవరి వాటా?

తాత్పర్యము: చెయ్యి నిర్దోషి. గ్లాసు జారింది నునుపు వల్ల, నునుపు సబ్బు వల్ల, సబ్బు వంటింటి వల్ల. కస్టమరుకు దక్కినది ఒలికిన టీ, బిల్లు. యాజమాన్యానికి మనవి: బోర్డు అక్కడే ఉంచుకోండి, గ్లాసు తుడిచి ఇవ్వండి.