ఇంజిన్‌కు తలంటు

దసరా వారం రోజులుందనగానే బెజవాడలో వాటర్ సర్వీసింగ్ షెడ్ల ముందు కార్లు బారులు తీరతాయి. దుర్గమ్మ కొండ దగ్గర వాహనపూజకు వెళ్లే కారు శుచిగా ఉండాలంటారు, ఉండాల్సిందే. పైన కడిగి, లోపల మ్యాట్లు దులిపి పంపేస్తే ఎవరికీ పేచీ లేదు. కానీ షెడ్డులో కుర్రాడు అంతటితో ఊరుకోడు. మోకాళ్ల దాకా పైకి మడిచిన ప్యాంటుతో, చేతిలో నీళ్ల గన్నుతో దగ్గరకొచ్చి ఒక మాటంటాడు: "బానెట్ ఎత్తండి సార్, లోపల కూడా కొట్టేద్దాం. రెండొందలే."

కడుగుదాం అనడు, తుడుద్దాం అనడు. కొట్టేద్దాం అంటాడు. జరగబోయేది అదే కాబట్టి ఆ నిజాయితీని మెచ్చుకోవాలి.

ఇక పండగ తంతు మొదలు. ముందు డీజిల్‌తో నలుగు. ఒక సీసాలోంచి ఇంజిన్ అంతా చిమ్మి, బ్రష్షుతో సందు సందునా రుద్దుతాడు. తర్వాత ప్రెషర్ గన్నుతో తలంటు. కారు ఇప్పుడే ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చింది, సైలెన్సర్ మొదలు మీద చెయ్యి పెడితే తోలు ఊడొచ్చేంత వేడి. ఆగుదామా అంటే వెనక పదకొండు కార్లున్నాయి. వెలుగుతున్న లాంతరు చిమ్నీ మీద నీటిచుక్క పడితే ఏమవుతుందో చిన్నప్పుడు అందరం చూసినవాళ్లమే. పోత ఇనుము గాజంత సున్నితం కాదు, నిజమే. ఎన్ని పండగలు ఓర్చుకుంటుందో పరీక్షించాలన్న సరదా మాత్రం మనకే ఉండాలి. చివర్లో సెంటు కొట్టినట్టు సిలికాన్ పాలిష్ ఒకటి. దాంతో ప్లాస్టిక్ మూతలు, గొట్టాలు, పొరపాటున బెల్టు కూడా నిగనిగలాడిపోతాయి. బెల్టు పని మెరవడం కాదు, జారకుండా పట్టుకుని తిరగడం. ఆ సంగతి మర్నాడు పొద్దున స్టార్ట్ చేసినప్పుడు అది కీచుమని చెబుతుంది.

ఇంతకీ ఈ వైభోగమంతా ఎవరి కోసం? ఇంజిన్ పీల్చే గాలి ఫిల్టర్ గుండా వెళుతుంది. బయట పేరుకున్న మామూలు దుమ్ముతో దానికి పనిలేదు. బానెట్ ఎత్తగానే కనబడే ఆ పెద్ద నల్ల ప్లాస్టిక్ పలక చప్పుడు కాస్త తగ్గించడానికీ, చూడ్డానికి బాగుండటానికీ పెట్టింది. దాని మీది మట్టి చూసి ఇంజిన్ పాడైపోతోందని బెంగపడటం, దుప్పటి మాసిందని మనిషికి రక్తపరీక్ష చేయించడం లాంటిదే.

అనుమానం వెలిబుచ్చితే కుర్రాడి దగ్గర బ్రహ్మాస్త్రం సిద్ధంగా ఉంటుంది. "కారు వర్షంలో తిరగదా సార్?"

తిరుగుతుంది నాయనా. కానీ వాన బానెట్ మీద పడుతుంది. బానెట్ ఎత్తి, వంగి, అడుగు దూరం నుంచి ఫ్యూజు బాక్సు మూతకు గురిపెట్టి కొట్టే వానను ఏ అల్పపీడనమూ ఇంతవరకు తేలేదు. ఇంట్లో వాడే చిన్న మెషిన్ కూడా 100 బార్ దాటుతుంది. అంటే పంపులో చదరపు సెంటీమీటరుకు రమారమి 100 కిలోల ఒత్తిడి. చిటికెనవేలి గోరంత చోట పాతిక కిలోల బియ్యం బస్తాలు నాలుగు. వైర్ల కనెక్టర్లకు నీళ్లాపే రబ్బరు సీళ్లు ఉంటాయి, కాదనను. ఐపీ 67 అని ముద్ర ఉన్నదాన్ని 1 మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు ముంచి పరీక్షిస్తారు. అది నిలవ నీటికి పెట్టిన పరీక్ష. గన్నుతో కొట్టడానికి పరీక్ష వేరు, అంకె వేరు. పాతబడి బిరుసెక్కిన సీలుకు ఏ పరీక్షా లేదు. చాలా కార్ల మాన్యువల్‌లో ఇంజిన్ మీద అధిక ఒత్తిడితో నీళ్లు కొట్టొద్దనే రాసి ఉంటుంది. ఆ పుస్తకం గ్లవ్ బాక్సులో, పాలిథిన్ కవరు కూడా చింపకుండా, పెళ్లినాటి పట్టుచీరలా భద్రంగా ఉంటుంది.

ఇంత తెలిసినవాడిలా మాట్లాడుతున్న నేను, మూడేళ్ల కిందట మా తోడల్లుడి మాట విని బానెట్ ఎత్తినవాణ్ణే. "రెండొందలకు చూసుకుంటావేంటి, కొత్త కారులా ఉంటుంది" అన్నాడు. ఉంది కూడా. బెంజి సర్కిల్ దాకా. అక్కడ కారు ఎక్కిళ్లు పెట్టడం మొదలెట్టింది. డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ ఇంజిన్ బొమ్మ మినుకు మినుకుమంది. వెనక హారన్లు, పక్కన తోడల్లుడి మౌనం. తోసుకుంటూ, ఈడ్పించుకుంటూ ఆటోనగర్ చేరాం. మెకానిక్ నల్ల పలక పీకి, కాయిల్ ఒకటి లాగి, టార్చ్ వేసి చూసి అన్నాడు: "బావి నిండా నీళ్లున్నాయండీ."

స్పార్క్ ప్లగ్ కూర్చునే లోతైన గుంట అది. మా వీధిలో మూడు బోర్లు వేస్తే పడని నీళ్లు అక్కడ పడ్డాయి. గాలి కొట్టి ఆరబెట్టి, కాయిల్ మార్చి, ఆయన పుచ్చుకున్న సొమ్ముతో ఇరవైసార్లు తలంటు పోయించొచ్చు.

డీజిల్ భక్తుల సంగతి వేరే చెప్పాలి. "డీజిల్ కొడితే రబ్బరు మెత్తగా ఉంటుంది, ఎలుకలు రావు" అని వాళ్ల నమ్మకం. రబ్బరు మెత్తబడటం నిజమే. కూలెంట్ గొట్టాలకు సాధారణంగా వాడే ఈపీడీఎం రబ్బరు నీటినీ వేడినీ తట్టుకుంటుంది గానీ, పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బిపోతుంది. కాలు వాచినవాణ్ణి చూసి ఒళ్లు చేశాడని మురిసిపోయినట్టు, ఉబ్బిన గొట్టాన్ని నొక్కి చూసి మనవాళ్లు సంతోషిస్తారు. మండే సరుకును కాలే ఇనుము చుట్టూ పూయడంలోని విజ్ఞత గురించి నేనేమీ అనను. ఎలుకలంటారా, వాటికి కావలసింది వెచ్చటి చోటు. డీజిల్ వాసన నాలుగు రోజుల్లో పోతుంది, అవి తిరిగొస్తాయి.

ఇంజిన్ తళతళకు అసలైన గిరాకీ మరోచోట ఉంది. సెకండ్ హ్యాండ్ కార్ల సంతలో. "సింగిల్ ఓనర్ సార్, డాక్టర్ గారి కారు" అంటూ బానెట్ ఎత్తితే లోపల అద్దంలో చూసుకున్నట్టు మన మొహం కనబడుతుంది. ఆటోనగర్ మెకానిక్ అలాంటి కారుకు దణ్ణం పెట్టి దూరం జరుగుతాడు. ఆయనకు కావలసింది మురికి. వాల్వ్ కవర్ అంచున నూనె చెమ్మ, దాని మీద అంటిన దుమ్ము, రేడియేటర్ మూత దగ్గర ఎండిన పచ్చటి చార. రోగి ఒంటి మీద దద్దుర్లలా అవే ఆయనకు రోగం పేరు చెబుతాయి. లీకు ఎక్కడో తెలుసుకోవడానికి ఆయన కూడా కడుగుతాడు. కాకపోతే కడిగాక నాలుగు రోజులు తిప్పి, మళ్లీ ఎక్కడ చెమ్మగిల్లిందో చూస్తాడు. అమ్మేవాడు కడిగిన సాయంత్రమే అమ్ముతాడు.

ఆ బావి సంఘటన తర్వాత నేను ఇంట్లోనే మొదలెట్టాను. ఆదివారం పొద్దున, రాత్రంతా నిలబడి చల్లారిన కారు. ఒక పాత బనీను, రంగులేసే రెండంగుళాల బ్రష్షు, అరబకెట్ నీళ్లు. పైపు లేదు. బ్యాటరీ మైనస్ తీగ ముందు విప్పుతాను, చివర్లో బిగిస్తాను. ఆల్టర్నేటర్ మీద ఒక క్యారీ బ్యాగు. పొడి దుమ్మును బ్రష్షుతో దులిపాక, తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడుస్తాను. జిడ్డున్న చోట డీగ్రీజర్ గుడ్డ మీదే, ఇంజిన్ మీద కాదు. హైబ్రిడ్ కారు కొన్న మా ఎదురింటాయనకు మాత్రం ఒకటే చెప్పాను, అధిక వోల్టేజీ మోసే నారింజ రంగు తీగల జోలికి వెళ్లొద్దని.

చూడ్డానికి ఇందులో ఏ మజా లేదు. నురగ రాదు. బ్యాటరీ టెర్మినల్ మీద పూసిన తెల్లటి, నీలపు పొడి మీద వంటసోడా నీళ్లు నాలుగు చుక్కలు వేస్తే బుసబుసా పొంగుతుంది, ఆ ఒక్క నిమిషమే వినోదం. గ్లవ్స్ వేసుకునే చేస్తాను. మా ఆవిడ మాత్రం వంటసోడా డబ్బా ఖాళీ అయిందని గోల పెడుతుంది.

ఇక వైపర్ల కింద జాలీ. ఎవరూ చూడరు, ఏ గన్నూ దాని మీదికి వెళ్లదు. మా గేటు పక్క వేపచెట్టు పుణ్యమా అని అక్కడ రెండు దోసిళ్ల ఆకు ఉంటుంది. నీళ్లు పోయే కన్నం మూసుకుపోతే వాన నీళ్లు మెల్లగా కారులోకే దిగి, కాళ్ల కింద మ్యాట్లు కుళ్లి, లోపలంతా గాదె వాసన. బానెట్ ఎత్తితే నిజంగా చెయ్యాల్సిన పని ఆ ఆకు తీయడం. దానికి రెండొందలు ఎవరూ అడగరు, ఎవరూ ఇవ్వరు.

ఇలా వంగి పనిచేస్తుంటే దారిన పోయే ప్రతివాడూ ఆగుతాడు. "ఏమండీ, ట్రబులిచ్చిందా?" మన వీధుల్లో బానెట్ తెరిచి ఉందంటే కారుకు జబ్బు చేసినట్టే.

కిందటి దసరాకు కొండ కింద పూజకు వెళ్లాం. తోడల్లుడి కారు మా వెనకే. తెల్లవారుజామున తలంటు పోయించుకొచ్చాడు, డీజిల్ వాసన మా వరకూ కొడుతోంది. పూజారి గారు బంపరుకు బంతిపూల దండ కట్టి, బానెట్ మీద పసుపు కుంకాలు పెట్టారు. మా తోడల్లుడు తాళం చేత్తో పట్టుకుని, ఎప్పుడు ఎత్తమంటారా అని కాసేపు చూశాడు. ఆయన ఎత్తమనలేదు. కలశంలో పువ్వు ముంచి నాలుగు చుక్కలు చల్లి, తర్వాతి బండికి వెళ్లిపోయారు.