ముంత తుఫాను

జోగిపేట నుంచి సముద్రం చూడాలంటే తూర్పుగా నాలుగు వందల కిలోమీటర్ల దాకా పోవాలి. పెండ్లయిన కొత్తలో విశాఖ పోయి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఫోటో దిగినవాళ్ళే మా ఊళ్ళో సముద్రం చూసినట్టు లెక్క. అయినా బంగాళాఖాతంలో సుడి లేచిందంటే చాలు, మా హోటల్లో చాయ్ చల్లారిపోతుంది.

వాదన మా ఊరికి కొత్త కాదు. 1930లో ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం జరిగింది ఇక్కడే, సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన. ఆ గాలి ఇంకా ఉన్నట్టుంది. తీర్మానం చెయ్యనిదే మావాళ్ళు బెంచీ మీంచి లేవరు.

2025 అక్టోబరు 28, మంగళవారం పొద్దున తీర్మానానికి వచ్చిన విషయం మొంథా తుఫాను.

"నిన్న మొన్నటి దాక వాయుగుండం అన్నరు. ఇంతట్లనే పేరు పెట్టిన్రు. తొట్టెల ఎవరు జేసిన్రు?" అన్నాడు హోటలాయన.

నేను రిటైరైన బడిపంతులును. ఎవరైనా ప్రశ్న అడిగితే నోరూరుతుంది. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లు దాటితే పేరు పెడతారనీ, 13 దేశాలు తలా 13 పేర్లు ఇస్తే 2020లో 169 పేర్ల జాబితా తయారైందనీ, ఇది థాయ్‌లాండ్ ఇచ్చిన పేరనీ, వాళ్ళ భాషలో సువాసన గల పువ్వనీ చెప్పాను. రెండో చాయ్ వచ్చేసరికి ఆ పువ్వు కాస్తా ముంతయింది.

"ముంత తుఫానంటే ముంతెడే పడ్తది పో," అన్నాడు పటేలు. ఆయన పత్తి చేన్ల మీదే ఉంది. తేమ పన్నెండు శాతం దాటితే సీసీఐ వాళ్ళు పత్తి ముట్టుకోరు. ముంతెడు పడాలని కోరుకోవడం ఆయనకు అవసరం.

పాశమైలారం ఫ్యాక్టరీలో పనిచేసే తమ్ముడొకడు మాత్రం ఘోరమైన తుఫాను వస్తుందన్నాడు. ఆ వారం అతనిది నైట్ షిఫ్టు. కంపెనీ బస్సు రాకపోతే బాగుండునని అతని ముఖం మీదే రాసి ఉంది. బడిపిల్లలంతా అతని పక్షమే. ఫోన్లో విండీ అనే వాతావరణ యాప్ చూసే పిలగాడు, "యూరప్ మోడల్ల మనమీద పచ్చగుంది, అమెరికా మోడల్ల ఎర్రగుంది," అన్నాడు. హోటలాయన ఫోను గుంజుకుని చూసి, "మనది ఏ మోడల్ రా?" అన్నాడు. ఆర్టీసీ కండక్టరన్నది అనుభవం. "పొద్దుగాల్ల ఇక్రిశాట్ దాటి వచ్చిన. పఠాన్‌చెరు మీద మబ్బు పలుచగనే ఉన్నది," అన్నాడు. తుఫాను తూర్పు నుంచి వస్తుంది కాబట్టి ముందు ఆయన బస్సెక్కాలన్నట్టు.

అసలు దెబ్బ కొట్టింది మూలన కూర్చున్న ఒక ముసలాయన. "పేరున్నయి పేరుకే. మొన్న వినాయక చవితి నాడు పడ్డదానికి ఏం పేరుండె?"

అందరం నోరు మూసుకున్నాం. ఆగస్టు 27న కామారెడ్డినీ మెదక్‌నూ ముంచిన వాన అది. దానికి పేరు లేదు. 2020 అక్టోబరులో కాకినాడ దగ్గర తీరం దాటి హైదరాబాదును ముంచింది కూడా వట్టి వాయుగుండమే, దానికీ పేరు లేదు. పేరున్న హుద్‌హుద్, తిత్లీ మా దిక్కు తొంగి చూడలేదు. ముసలాయన సిద్ధాంతానికి ఏ మోడలూ జవాబు చెప్పలేదు.

అక్కడితో ఊరుకోవలసింది. నేను లేచి, భూమి మీదికి వచ్చిన తుఫానుకు సముద్రపు ఆవిరి అందదనీ, పొయ్యిలోంచి కట్టె గుంజినట్టు బలం తగ్గిపోతుందనీ, జోగిపేట చేరేసరికి చిటపట చినుకులేననీ ఉపన్యసించాను. తీర్మానం నెగ్గింది. చాయ్ పైసలు కూడా నన్ను ఇవ్వనియ్యలేదు.

తిప్పలు అక్కడే మొదలైనయి. మా తమ్ముడూ నేనూ కలిసి పెట్టిన ఎకరంన్నర వడ్లు కోసి, నాందేడు పోయే 161 హైవే పక్కన ఆరబోసి రెండు రోజులైంది. ఆ సీజనుకు ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు, తేమ 17 శాతం దాటకుండా ఉంటే. టార్పాలిన్ దుకాణం హోటలుకు సరిగ్గా ఎదురుగా ఉంది. చిటపటే అని నెగ్గించినవాణ్ణి, పది నిమిషాలకే రోడ్డు దాటి తాటిపత్రి బేరమాడితే ఏమైనా ఉందా!

మా పక్కింట్లో కోనసీమ నుంచి వచ్చి పఠాన్‌చెరు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసే ఆయన కిరాయికి ఉంటాడు. మా గల్లీ మొత్తంలో తుఫానును కండ్లతో చూసినవాడు ఆయనొక్కడే. పొద్దటి సభలో ఆయన నోరు విప్పలేదు, ఆయన్ను ఎవరూ అడగనూ లేదు. సాయంత్రం ఆయనింటికి పోయాను. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తుఫాను కొట్టినప్పుడు ఆయన చిన్నపిల్లవాడట. "కొబ్బరిచెట్లు విరగడం కాదండీ, వేళ్ళతో సహా లేచిపోయాయండి. తెల్లారి చూస్తే మా ఊరు మాకే తెలీలేదండి," అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "వడ్ల మీద ఏదైనా కప్పుకోండి మాస్టారూ," అన్నాడు.

ఆయన గోడవారన మడతపెట్టిన నీలం తాటిపత్రి ఉంది. దాన్ని అడుగుదామనే పోయాను. కొబ్బరి ధర అడిగాను, పిల్లల చదువులు అడిగాను, గోదావరి పులస గురించి అడిగాను. అడగవలసింది అడగకుండా ఇంటికొచ్చాను. చల్లకొచ్చి ముంత దాచడమంటే ఏమిటో ముంత తుఫాను నాడే తెలిసింది.

తెల్లవారుజామున అయిదింటికి ఇంట్లో గడబిడ. అమ్మకు ఎనభై దాటినయి, టీవీ చప్పుడు పెద్దగా పెట్టుకుని వింటుంది. "నర్సాపూర్ కాడ దాటిందటరా! ఇగ మనకు ఎంత దూరముంది?" అని తమ్ముణ్ణి లేపుతోంది. మాకు తెలిసిన నర్సాపూర్ మెదక్ జిల్లాది, అడవీ చెరువూ ఉన్నది. టీవీ వాళ్ళు చెప్పింది గోదావరి జిల్లా నరసాపురం. మొంథా అర్ధరాత్రి వేళ దాటింది అక్కడే. నేను మంచం మీంచే భూగోళం పాఠం మొదలుపెట్టాను. అమ్మ వినలేదు. "చెరువు కట్ట దాటినంక మనదాక రాదా?" అంటూ పాత జంపఖానాలూ ఎరువుల సంచులూ తమ్ముడి నెత్తిన పెట్టి తోలింది. వాడు సగం కుప్ప కప్పేసరికి సంచులు అయిపోయినయి.

ఆ రోజంతా మాకు ముసురే. చిటపటే, కాని ఆగని చిటపట. సాంకేతికంగా నా తీర్మానమే గెలిచింది. ఆ మాట అందామని హోటలుకు పోయాను. టీవీలో వరంగల్, హన్మకొండ కాలనీలు నీళ్ళల్లో ఉన్నయి. డోర్నకల్‌లో పట్టాలు మునిగి రైళ్ళు ఆగినయి. సముద్రానికి అంత దూరాన, ఆవిరి అందని చోట. చాయ్ తాగి పైసలు ఇచ్చి వచ్చాను.

రెండు రోజుల తర్వాత కొనుగోలు కేంద్రానికి పోయినం. అక్కడి పిలగాడు అమ్మ కప్పించిన సగంలోంచి గుప్పెడు గింజలు తీసి మిషన్ గిన్నెలో పోసి మూత బిగించాడు. 16.8. నా సగంలోంచి పోశాడు. అంకె కాసేపు అటూ ఇటూ ఊగి 20.4 దగ్గర నిలబడింది. "ఇవెవరివి సార్?" అన్నాడు. తమ్ముడు మబ్బు దిక్కు చూశాడు.

నవంబరు చివర్లో దిత్వా అని ఇంకో పేరు వచ్చింది. హోటల్లో సభ జరిగిందట, నేను పోలేదు. నేరుగా ఎదురు దుకాణానికి పోయి, బేరం కూడా ఆడకుండా పెద్ద తాటిపత్రి కొన్నాను. వడ్లు అమ్ముడుపోయి అప్పటికే పక్షం దాటింది.

"దేనిమీద కప్పుతవు రా?" అన్నది అమ్మ.

స్కూటర్ మీద కప్పిన. బండి కిందికే నాలుగు మడతలు మిగిలింది.