నాలుగు బై మూడు: సవ్యాఖ్యానము

మూలము: జలము 54 మొదలు 58 వఱకు, ధార్యము 4/3.

అవతారిక: ఈ సూత్రము కాలిఫోర్నియాలోని సాంటాక్రూజ్ పట్టణమున, పలకపై నిలిచి అలలనెక్కు సర్ఫింగు విద్యార్థులకు వెట్‌సూట్లు (చలినాపు రబ్బరు తొడుగులు) అద్దెకిచ్చు నొక దుకాణపు గోడపై వెలసియున్నది. కర్త యెవరో అచట నెవరికిని తెలియదు; కావుననే అపౌరుషేయముగా చెల్లుబడియగుచున్నది. సన్నీవేలులో కొలువు చేయు మా మేనల్లుడు దానిని చూపి, "ఫోర్-త్రీ మామయ్యా, ఇంక ఆలోచించేదేం లేదు" అని అర్ధనిమీలిత నేత్రుడై పలికిన తీరే ఈ వ్యాఖ్యకు హేతువు. ఆధారము లేనిది వ్రాయనని, అక్కఱలేనిది చెప్పనని ప్రతినబూనిన వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి మన మెదకు సీమవాడే. ఆ ప్రతినలో రెండవ సగము నాకు సాధ్యము కాదని ముందే మనవి చేసికొనుచున్నాను.

ప్రతిపదార్థము: జలము = నీరు. 54, 58 = స్పష్టము. (తమకు తెలియని చోటనే వ్యాఖ్యాతలు 'స్పష్టము' అని వ్రాయుదురని పెద్దలెఱుగుదురు.) ఇవి ఫారన్‌హీటు డిగ్రీలని గోడ చెప్పదు, సెంటీగ్రేడని గ్రహించిన నాబోటివానికి కాగిన గంగాళము కన్నులగట్టును. నిజమునకది సెంటీగ్రేడున ఇంచుమించు పండ్రెండు, పదునాలుగుల నడుమ నుండు చలినీరు. ధార్యము = తొడుగవలసినది; 4/3 = దాని మందము, మిల్లీమీటర్లలో. నీటికి ఫారన్‌హీటు, బట్టకు మిల్లీమీటరు! ఒక్క పంక్తిలో రెండు కొలతలకు కాపురము పెట్టించిన ఘనుని తర్కము నాకు కొఱుకుడుపడలేదు.

విశేషము: 4/3 అనునది భిన్నమా, సమాసమా? భిన్నమైనచో ఒకటింబావు చిల్లర మిల్లీమీటర్ల బట్టయగును. అది చలికి చాలదు. కావున ద్వంద్వము. మొదటిది మొండెమునకు, రెండవది కాలుసేతులకు. అయినచో, అచ్చులు తక్కువగల పదము ముందుండవలెనన్న పాణిని మతమున 'మూడు' ముందు రావలదా? మన వాడుకయు 'మూడు నాలుగు రోజులు' అనియే గదా! ఇంగ్లీషున రెంటికిని అచ్చొక్కటియే గావున ఆ నియమమచట ప్రవర్తింపదని కొందఱు తప్పించుకొందురు. అది పిఱికి సమాధానము. పూజ్యమైనది ముందుండవలెనని వార్తికకారుడు కాత్యాయనుడు చెప్పనే చెప్పెను. గుండెకు నెలవైన మొండెము పూజ్యము. ఇక 5/4/3 అను త్రిపదమున మొండెము, కాళ్లు, చేతులు అను క్రమము కలదు. గురుపాదములను మినహాయించినచో, చేతికంటె కాలికి పెద్దపీట వేసిన శాస్త్రము వేఱొకటి నేనెఱుగను! పలకపై బోర్లపడి చేతులతో నీరు తోయువానికి భుజముల కడ మందపు తొడుగు సంకెలయగునని దీని యుపపత్తి. ఇంతకు మనమేమి చెప్పుకొనుచుంటిమి? నీరు.

పూర్వపక్షము: తొడుగులో చిక్కిన పలుచని నీటిపొర ఒంటి వేడికి కాగి మనలను కాపాడునని లోకప్రసిద్ధి. సిద్ధాంతము: కాపాడునది నీరు కాదు, నియోప్రీనను నురుగు రబ్బరులో నిమిడిన వాయువు బుడగలు. తడిసిననేమి, వేడి పోకున్న చాలునని 1952 ప్రాంతమున గ్రహించి ఈ తొడుగును కల్పించినవాడు బర్క్‌లీలోని భౌతికశాస్త్రజ్ఞుడు హ్యూ బ్రాడ్నరు. అయితే ఆ నీటిపొర కదలక నిలువవలెను. మాటిమాటికి క్రొత్తనీరు చొచ్చుచుండిన, బుడగలెన్నియున్నను ఒడలు సముద్రమును కాచు పొయ్యియగును.

ఇచట నా గోడు. నాకిచ్చిన తొడుగు మెడకడ నాలుగు వ్రేళ్లు దూరునంత వదులు. అది మే నెల. ఎండ కాయుచునే యున్నది. కాని వాయవ్యపు గాలులు మీది నీటిని ఒడ్డునుండి దూరముగా నెట్టగా అడుగునున్న చన్నీరు పైకుబుకు కాలము. మొదటి అల మెడవెనుక దూరి వెన్నెముకను వెన్నంటి నడుమువఱకు దిగినప్పుడు పాణినియు లేడు, కాత్యాయనుడును లేడు. ఓరి నాయనో యన్నది నేనే.

తాత్పర్యము: వదులైన అయిదుకంటె ఒంటినంటిన మూడు మేలు. గాలి యెట్టిది, నీటిలో నెంతసేపుందువు, నీ ఒంటిపై కండయెంత అని యడుగక మందము నిర్ణయింపరాదు. ఇందులో నొక్కమాటయు గోడపై లేదు. పండ్లు టకటకలాడ నేను మెడసందు చూపగా దుకాణములోని కుఱ్ఱవాడు తలయెత్తకయే గోడ చూపెను. అపౌరుషేయము గదా, ఎవరిని నిందింతును?