బాడీ లేని టైపులు

ఈ కాలం పిల్లోళ్లకు డేటాబేస్ అంటే మూటలు పడేసే గోడౌను. లెక్కలన్నీ బయటే, జావాలోనో పైథాన్‌లోనో. బద్వేలులో ఇంట్లో కూర్చొనే బెంగళూరు కొలువు చేసే మా మనవణ్ణి "ఈ కాలమ్‌లో ఏముందిరా అబ్బీ?" అని అడిగితే "జేసన్ ఉంది జేజినాయనా" అంటాడు. అదేందో టేబుల్‌కూ తెలీదు, వీడికీ కోడ్ తెరిస్తేగానీ తెలీదు.

ఇప్పుడు రాస్తున్నది భూముల యాప్. విస్తీర్ణానికి నంబర్ కాలమ్ పెట్టినాడు. మన సీమలో నడుస్తుంది, ఎకరాకు నూరు సెంట్లు గదా! 2.30కి 1.20 కలిపితే 3.50, ఎవురూ అడగరు. తెలంగాణలో ఎకరాకు 40 గుంటలు. అక్కడ 2.30 అంటే రెండెకరాల ముప్పై గుంటలు. దానికి 1.20 కలిపితే 4.10 రావాల. వీని యాప్ 3.50 అంటుంది. ఎకరా మీద యాభై గుంటలు యాడన్నా ఉంటాయా? మా నాయన కాలంలో రూపాయికి 16 అణాలు. 1957లో నయా పైసలొచ్చి ఆ చిక్కు తీరింది. గుంటల చిక్కు మటుకు తీరలేదు.

మా రోజుల్లో, 1997లో ఒరాకిల్ 8 వచ్చినాక, ఇట్లాంటిదానికి సొంతంగా టైపు కట్టేవాళ్లం. అమీర్‌పేటలో ఫీజు కట్టి, స్కాట్, టైగర్ అని లాగిన్ అయి నేర్చుకున్న విద్య అది. క్రియేట్ టైప్ విస్తీర్ణం అని మొదలుపెట్టి, లోపల ఎకరాలు, గుంటలు, వాటి కింద మెథడ్ల పేర్లు. అసలు పనంతా విడిగా రాసే టైప్ బాడీలో ఉంటుంది. సెల్ఫ్ డాట్ ఎకరాలును 40తో గుణించు, సెల్ఫ్ డాట్ గుంటలు కలుపు, మొత్తం గుంటలొచ్చినాయి. 121తో గుణిస్తే చదరపు గజాలు. చివర స్లాష్ కొట్టాల. కొట్టకపోతే ఎస్‌క్యూఎల్ ప్లస్ లైన్ నంబర్లు చూపిస్తా అట్లనే కాచుకొని ఉంటుంది. తప్పు పోతే షో ఎర్రర్స్.

ఎవురి పొలం పెద్దదో వరసగా చూపమంటే ఒరాకిల్ ఊరికే చూపదు. మ్యాప్ గానీ ఆర్డర్ గానీ రాయలేదని 22950 నంబర్ ఎర్రర్ మొహాన కొడుతుంది. మ్యాప్ మెథడ్ మొత్తం విస్తీర్ణాన్ని ఒక్క అంకెగా మార్చి ఇస్తుంది. ఆర్డర్ మెథడ్ రెండింటిని పక్కపక్కన పెట్టి, మొదటిది చిన్నదైతే మైనస్, సమానమైతే సున్నా, పెద్దదైతే ప్లస్ చెబుతుంది. ఒక టైపులో రెండూ పెట్టనీదు. రికార్డులు వేలల్లో ఉంటే మ్యాపే మేలు, ఆర్డర్‌ను పోల్చే ప్రతి జతకూ పిలవాల్సి వస్తుంది.

అంతా సుఖమేమీ కాదులే. టేబుల్ కట్టినాక టైపులో కొత్త గడి చేర్చాలంటే 2303 ఎర్రర్ వచ్చేది. ఆల్టర్ టైప్‌కు క్యాస్కేడ్ ఇచ్చింది 2001లో వచ్చిన 9ఐ. అందాకా టేబుల్ పీకి మళ్లీ కట్టుకోవాల్సిందే. బాడీని మటుకు టేబుల్ ముట్టుకోకుండా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. మెథడ్ పిలిచేటప్పుడు టేబుల్‌కు అలియాస్ మరిస్తే, కళ్ల ముందున్న కాలమ్‌నే ఎరగనంటుంది. ఈ విసుగుకే మాలో సగం మంది ఆ దిక్కు పోలేదు. వాళ్లను నేను అప్పుడూ మెచ్చలేదు.

అయినా ఎకరాకు 40 అనే మాట ఒక్కచోటే ఉండేది. ఇప్పుడు యాప్‌లో ఒకసారి, రిపోర్టులో ఒకసారి, ఎక్సెల్‌లో ఇంకోసారి రాస్తారు. మూడింట్లో మూడు జవాబులొస్తే సర్వర్‌ను తిడతారు.

"రేపు మైఎస్‌క్యూఎల్‌కు మారితే నీ టైపు ఏం గావాల జేజినాయనా?" అని వాని లా పాయింటు. నిజమే, దాంట్లో ఇట్లా మెథడ్లున్న టైపులు కట్టుకోను లేదు. లేకపోతే ఎకరాలకొకటి, గుంటలకొకటి రెండు కాలమ్‌లు పెట్టు. గుంటలు 40 కంటే తక్కువుండాలని చెక్ రాయి. మునుపు చెక్ రాస్తే మైఎస్‌క్యూఎల్ చదివి పక్కన పడేసేది గానీ, 2019లో వచ్చిన 8.0.16 నుంచి పట్టించుకుంటాంది. రాసేదానికి ఒక లైను. అదన్నా రాసినావా అంటే, వచ్చే స్ప్రింట్‌లో చూస్తానంటాడు.