చూరు పట్టుకు వేలాడి

షార్జాలో 18 ఏళ్లుగా పరాయివాళ్ల మేడలు కట్టిస్తున్న నేను, రాజోలు దగ్గర మా ఊళ్లో సొంతిల్లు మాత్రం ఫోన్లో కట్టించాను. పెద్దలు 'ఇల్లు కట్టి చూడు' అన్నారు. నాది 'చూసి కట్టు' బాపతు. ఇక్కడ వాట్సాప్‌లో వీడియో కాల్ కలవదు, బోటిమ్ యాప్‌లో చూడాలి. అక్కడ ఎనిమిదికి మేస్త్రి పనిలోకి దిగితే ఇక్కడ ఆరున్నర. సైటుకెళ్లే బస్సులో కునికిపాట్లు పడుతుంటాను. పైగా ఫోన్ పట్టుకునేది మా బావమరిది. నాకు గోడలకన్నా అతని బొటనవేలే ఎక్కువ కనిపించేది.

వరండాకి పెంకులు, కిటికీలకి సన్‌షేడ్లు. "చూరు రెండడుగులు వదలండి" అన్నాను. "ఆయ్, వదిలేశామండి" అన్నాడు మేస్త్రి. అబద్ధం చెప్పలేదు. రెండడుగులూ వదిలేశాడు, జానెడే ఉంచాడు. బయటికి వాలాల్సిన సన్‌షేడ్లు ఇంట్లోకి తొంగిచూస్తున్నాయి. అదేమంటే "గంగమ్మ తల్లిని బయటికి పొమ్మంటామాండి?" అన్నాడు.

దుబాయ్ అల్ ఫహీదీలో పాత ఇళ్లు చూడండి. కప్పు మీది నీళ్లు గోడకి తగలకుండా చెక్క దోనెలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. ఏడాదికి నాలుగు చినుకులు పడే చోట అంత జాగ్రత్త. వాన పడితే కాలవా రోడ్డూ ఏకమయ్యే కోనసీమలో మాకు జానెడు చూరు!

అక్టోబరులో వాయుగుండం పట్టింది. అమ్మ ఫోన్: "ఇంట్లో గిన్నెలన్నీ అయిపోయాయిరా, వంట దేంట్లో చెయ్యను?"

సెలవు పెట్టి వెళ్లాను. వాసాలకి టేకు ముక్కలు బిగించి, రీపర్లు కొట్టి, మరో రెండు వరసలు పెంకులు దించాం. సన్‌షేడ్ల మీద గచ్చు కొట్టి, వాలు బయటికి తిప్పాం. అంచు కింద అరంగుళం గాడి తీయించాను. గాడి లేకపోతే నీటిబొట్టు చూరు అడుగునే అంటుకుని, పాక్కుంటూ గోడ దాకా వెళ్తుంది. గాడి అడ్డం వస్తే పట్టు తప్పి కింద పడుతుంది.

పడింది. పక్కింటి బాబాయ్ పెరట్లో. "ఒరేయ్ అబ్బాయ్, మీ దుబాయ్ చూరు మా గోంగూర మడిని గోదాట్లో కలిపేసింది" అని పొద్దున్నే గోడ దగ్గర పంచాయితీ. పీవీసీ పైపు నిలువునా కోయించి, చూరు పొడవునా దోనెలా కట్టించి, నీళ్లని మా కొబ్బరిచెట్టు మొదట్లోకి మళ్లించాక గానీ ఆయన మా కాఫీ ముట్టలేదు.

గెలిచాననుకుని షార్జా వచ్చాను. 2024 ఏప్రిల్ 16న ఇక్కడ ఆకాశం చిల్లుపడింది. అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో ఒక్కరోజు తిరక్కుండా 254 మిల్లీమీటర్లు! 1949లో లెక్కలు రాయడం మొదలయ్యాక ఇంత వాన లేదట. మా గది కప్పు కారింది. మంచం మీద గిన్నె, గిన్నె పక్కన నేను.

బోటిమ్‌లో అమ్మ నవ్వింది. "ఇక్కడ చుక్క కారట్లేదురా. నువ్వెప్పుడొచ్చేస్తావు?"

"ఇంకొక్క రెండేళ్లమ్మా."

ఈ మాట 18 ఏళ్లుగా చెబుతున్నాను. నేను పట్టుకు వేలాడుతున్న చూరుకి గాడి తీసే మేస్త్రి ఇంకా దొరకలేదు.