డీసీలో పూసింది, డీసీపల్లిలో విరిచింది

పూలయాత్ర విమానం టికెట్టుతో మొదలై ఫోన్ నిండిపోవడంతో ముగుస్తుంది. దీనికి పువ్వు, రుతువు, మనిషి కావాలి. ఫోటోలో మనిషి ముందుంటాడు, పువ్వు వెనక మసగ్గా ఉంటుంది, రుతువు సెలవులను బట్టి ఉంటుంది.

ఆసియాలో ఈ యాత్రలకు పెద్ద క్షేత్రం జపాన్. అక్కడ చెర్రీ పూత మార్చిలో దక్షిణాన అందుకుని మే నాటికి ఉత్తరాన హొక్కైడో చేరుతుంది. టోక్యోలో యాసుకుని ఆలయం ఆవరణలోని ఒక చెట్టును నమూనాగా పెట్టుకున్నారు. వాతావరణ శాఖ ఉద్యోగి దాని కింద నిలబడి, అయిదారు పూలు విచ్చాయని లెక్క తేల్చాకే నగరంలో పూత మొదలైనట్టు. నాలుగే విచ్చితే వసంతం ఆ పూటకు వాయిదా. నిండు పూత నిలిచేది వారం రోజులు. మన దేశంలో శ్రీనగర్ తులిప్ తోట 2007 నుంచి ఈ సేవ చేస్తోంది. మున్నార్ కొండల మీద నీలకురింజి 2018లో పూసింది, మళ్లీ 2030లోనే. పన్నెండేళ్లు సెలవు దొరకలేదనడానికి వీల్లేని పువ్వు అది. అరకులో వలిసె చేలు పసుపెక్కగానే జనం చేలో దిగిపోతుంటే, కొందరు రైతులు మనిషికింత అని పుచ్చుకోవడం మొదలుపెట్టారు. గింజ నూనెకు, పువ్వు సెల్ఫీకి. పంట చేతికి రాకముందే పూత చేతికొస్తోంది.

మర్రిపాడుకు పూలయాత్ర మీద వచ్చినవాడు లేడు. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా బద్వేలు పోయే రోడ్డులో, వెలిగొండలకు ఇవతల ఉందీ ఊరు. ఇక్కడ కారు ఆగిందంటే టీకి, లేదా పంక్చరుకు. పూలు లేక కాదు. తంగేడు తెలంగాణలో రాష్ట్ర పుష్పం, బతుకమ్మకు అది లేనిదే పొద్దుపోదు; ఈ రోడ్డు పక్కన మాత్రం అది బస్సు కోసం నిలబడ్డవాళ్లు సంచి తగిలించుకునే పొద. మోదుగ ఆకంతా రాల్చి నిప్పులా పూస్తుంది, కానీ దాని పరపతి విస్తరాకుది. రేల చెట్టు మే ఎండలో పసుపు గుత్తులు వేలాడేస్తుంది. థాయిలాండ్ 2001లో ఈ రేలపువ్వునే జాతీయ పుష్పంగా ప్రకటించుకుంది. అక్కడ దాని పేరు రాచ్చఫ్రుక్, అంటే మన రాజవృక్షమే నోరు తిరగక అలా అయింది. బ్యాంకాక్‌లో ఆ చెట్టు కింద ఫోటో దిగిన తెలుగువాడు దాన్ని థాయి పువ్వు అనే పరిచయం చేస్తాడు. తప్పు పట్టడానికి లేదు, వాడు ఆ చెట్టు వంక తలెత్తి చూడ్డం అదే మొదలు.

అయితే మర్రిపాడు మండలంలో అసలైన పూత పొగాకుది. డీసీపల్లిలో పొగాకు బోర్డు వేలం కేంద్రం ఉంది. చుట్టుపక్కల వేసేది వర్జీనియా రకం. నాటిన రెండు నెలలకు మొక్క నెత్తిన గులాబీ రంగు గుత్తి లేస్తుంది. ఒక్కో పువ్వూ సన్నాయిలా పొడుగ్గా సాగి, మూతి దగ్గర అయిదు కొనలుగా విచ్చుతుంది. కాడ ముట్టుకుంటే బంక. ఎకరాలకెకరాలు అలా పూస్తే కశ్మీరు ఏ మూలకు! కానీ పూయనివ్వరు. పువ్వును వదిలితే మొక్క బలం గింజకు పోయి ఆకు పలచబడుతుంది, డబ్బులొచ్చేది ఆకు తూకానికి. అందుకని కూలీలు తెల్లవారే సాళ్లు పట్టుకుని తలలు విరుచుకుంటూ పోతారు. తర్వాత పక్కల నుంచి పిలకలు లేస్తాయి, వాటినీ గిల్లేస్తారు. సాయంత్రానికి వేళ్ల నిండా నల్లటి జిగురు, సాళ్ల నిండా వాడిన గులాబీ గుత్తులు. ఎవరైనా ఫోన్ తీసి ఆ గుత్తికి గురిపెడితే పక్క సాలు నుంచి వినిపించేది ఒకటే: “ఏంది నాయనా, ఇరిచి పారేసేదానికి ఫోటో ఎందుకు? ఆకును తియ్యి.”

ఈ పొగాకుకు పేరిచ్చిన వర్జీనియా అమెరికాలో ఉంది. అక్కడ ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లు తక్కువేం కాదు. మార్చి చివర వాళ్లు పిల్లలను కారెక్కించుకుని పక్కనున్న వాషింగ్టన్ డీసీకి చెర్రీ పూత చూడబోతారు. ఆ చెట్లు ఆసియావే. 1912లో టోక్యో నగరం 3,020 మొక్కలు కానుకగా పంపింది. అంతకు రెండేళ్ల ముందు చేరినవాటికి పురుగు పట్టిందని తగలబెట్టేశారు. అప్పటికి ఫోటోల మీద మోజు ఇంత లేదు కనుక ఆ పని సాధ్యమైంది. ఇప్పుడు ఆ పువ్వు వర్జీనియా వాళ్లు డీసీలో దిగిన ఫోటోగా వాట్సాప్ ఎక్కి, వర్జీనియా అమ్ముకునే డీసీపల్లి వైపు వస్తుంది. ఆ వేళకు ఇక్కడ ఆకు ఆరబెట్టే బ్యారన్ నుంచి దిగిన పొగాకు బేళ్లకెక్కుతూ ఉంటుంది. ఫోటో చూసిన పెద్దాయన అడిగేది కాయ గురించి. ఆ చెట్టు తినే కాయ కాయదని తెలిశాక ఫోన్ మనవడి చేతికిచ్చేస్తాడు.

ఊరి పేరులోని మర్రికీ పువ్వుంది. ఎర్రగా కనిపించే మర్రిపండు లోపలి గోడకు అతుక్కుని వందల పూలు ఉంటాయి, బయటికి ఒక్కటీ కనపడదు. ఆవగింజ కన్నా చిన్నదైన ఒక కందిరీగ జాతి పురుగు కాయ కొసనున్న సన్నటి రంధ్రంలో దూరి, ఆ ఇరుకులో రెక్కలు ఊడగొట్టుకుని, మోసుకొచ్చిన పుప్పొడిని పూలకు అంటించి, గుడ్లు పెట్టి అక్కడే చస్తుంది. మర్రిపువ్వు కోసం ప్రయాణం కట్టే ప్రాణి ఇదే. దీనికి తిరుగు టికెట్టు అక్కర్లేదు.